సోంపేట బీల: మండకుండా మిగిలిన బొగ్గు



భోగాపురంలో జాతీయ రహదారి మీద నిలబడి ఉత్తరముఖంగా చూడండి. పూసపాటిరేగ, రణస్థలం దాటితే శ్రీకాకుళం వస్తుంది. నరసన్నపేట, టెక్కలి, పలాస దాటి ఇంకా పైకి పోతే ఎడమ చేతివైపు మహేంద్రగిరి కొండలు, కుడి చేతివైపు ఉద్దానం తోటలు కనిపిస్తాయి. ఉద్దానమంటే ఉద్యానమే. కొబ్బరి, జీడిమామిడి, పనస ఒకదాని నీడలో ఒకటి పెరిగే నేల అది. ఆ తోటలు దాటిన తరువాత సముద్రపు ఇసుకమేటలకు ఈవలగా ఒక పల్లపు నేల ఉన్నది. దానిని అక్కడివారు బీల అంటారు. నేడు నేను మీకు మనవి చేయబోయేది ఆ బీల చరిత్ర. అది భోగాపురం రైతుకెందుకు అంటారేమో! మన మోటారు తిరిగే కరెంటుకూ, మన తీరాన వీచే గాలికీ, ఆ బీలకూ సంబంధం ఉన్నది గనుకనే చెబుతున్నాను.

ముందుగా గాలి లెక్క ఒకటి చూచుకుందాము. కట్టె గానీ, బొగ్గు గానీ, డీజిలు గానీ మండితే దానిలోని కర్బనము గాలిలోని ప్రాణవాయువుతో కలిసి బొగ్గుపులుసు వాయువవుతుంది. ఇప్పటివారు కార్బన్ డయాక్సైడ్ అంటున్నది దీనినే. కంటికి కనపడదు, వాసన ఉండదు. కాని తూకముంది సుమా! లీటరు డీజిలు కిలో కూడా తూగదు. అది మండితే పుట్టే ఈ వాయువు మాత్రం రెండున్నర కిలోలు దాటుతుంది. ఎనిమిది వందల గ్రాముల సరుకు రెండున్నర కిలోలు ఎట్లా అయిందని అడగవచ్చు. మిగతా బరువు గాలిలోంచి పట్టుకున్న ప్రాణవాయువుది. బొగ్గుతో తీసిన కరెంటయితే, ఒక్క యూనిట్టుకు కిలోకు కాస్త తక్కువగా, సుమారు తొమ్మిది వందల గ్రాముల వాయువు పైకి పోతుంది. ఐదు హార్సు పవరు మోటారు గంట తిరిగితే నాలుగు యూనిట్లు. అంటే నాలుగు గంటల తడికి పధ్నాలుగు, పదిహేను కిలోలన్నమాట. ఈ వాయువు ఆకాశంలో దుప్పటివలె పరుచుకొని భూమి వేడిని బయటికి పోనీయదు. సముద్రం వేడెక్కితే తుపానుకు బలం చేకూరుతుంది. 2013 అక్టోబరులో పైలిన్, 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ ఒకదాని వెనుక ఒకటి మన తీరాన్ని ఎట్లా చీల్చివేశాయో మీరు చూచిన సంగతే. ఏ ఒక్క తుపానునూ ఈ వాయువే పుట్టించిందని ఎవరూ అనలేరు. వేడి సముద్రం మీద బలమైన తుపానులకు అవకాశం ఎక్కువని మాత్రం శాస్త్రజ్ఞులు గట్టిగా చెబుతున్నారు.

మరి పల్లెటూరివాళ్ళం, ఇందులో మనం చేయగలిగింది ఏమున్నది? ఈ ప్రశ్నకు మన తెలుగు నేల మీదనే రెండు జవాబులున్నాయి. ఒకటి చిన్నది, రెండవది పెద్దది.

చిన్నది ఆదిలాబాదు అడవులది. జైనూరు మండలంలో పవర్‌గూడ అనే గోండుల పల్లె ఉన్నది. ఇప్పుడది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోనిది. అక్కడి మహిళా సంఘాలవారు కానుగ మొక్కలు పెంచి, గింజలు ఏరి, గానుగాడించి నూనె తీయసాగారు. కానుగ మనకు కొత్త చెట్టా? రొట్ట దమ్ములో తొక్కుతాము, చెక్క ఎరువుగా వేస్తాము. ఆ నూనెతో ఇంజను కూడా నడపవచ్చునని వాళ్ళకు ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు చెప్పారు. డీజిలుకు బదులు ఈ నూనె వాడితే పదేళ్ళలో మిగిలే బొగ్గుపులుసు వాయువు 147 టన్నులని లెక్క తేలింది. 2003 అక్టోబరులో వాషింగ్టనులో ఒక అంతర్జాతీయ సమావేశం జరిగింది. దానికి వచ్చినవారి విమాన ప్రయాణాల వల్ల గాలిలో కలిసిన పొగకు ప్రాయశ్చిత్తంగా, ప్రపంచ బ్యాంకు ఈ 147 టన్నులనూ కొనుక్కున్నది. పవర్‌గూడ సంఘానికి ముట్టినది 645 డాలర్లు, అప్పటి మారకంలో ముప్పైవేల రూపాయలకు కాస్త లోపు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం మనమెరుగుదుము. కాయలు ఇంట్లోనే ఉంచుకొని చెట్టు చేసిన మేలు ఒక్కటే అమ్ముకున్నవాళ్ళు మాత్రం ఈ గోండు ఆడపడుచులే. సొమ్ము చిన్నదే. కాని ఊరి సంఘం పద్దులో గాలి లెక్క చేరిందంటే సామాన్యమైన విషయం కాదు.

ఇక పెద్ద జవాబుకు వద్దాము. ఇది బీలది.

మహేంద్రగిరి వైపు నుంచి వాననీరు గెడ్డలుగా దిగి సముద్రం వైపు పరుగెత్తుతుంది. కొంత మహేంద్రతనయ నదిలో కలిసి బారువ దగ్గర సముద్రంలో పడుతుంది. కొంత నీరు ఇసుకమేటల వెనుక పల్లంలో నిలిచిపోతుంది. అట్లా నిలిచినదే బీల. వర్షాకాలంలో చెరువులా ఉంటుంది, వేసవిలో చాలాభాగం పచ్చికబయలవుతుంది. అంచుల్లో వరి పండుతుంది. నడుమ నీటిలో చేపలు పడతారు, గట్టున పశువులు మేస్తాయి. తుంగ, రెల్లు కోసుకుంటారు. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. సముద్రం అంత దగ్గరలో ఉన్నా చుట్టుపట్ల ఊళ్ళ బావుల్లో నీళ్ళు తియ్యగా ఉండటానికి ఇటువంటి పల్లాలే ఆధారం. మంచినీటి బరువు పైన ఉన్నంతకాలం ఉప్పునీరు లోపలికి చొరబడదు. మన భోగాపురం తీరాన చేపల కంచేరు, ముక్కాం వైపు బావులు తవ్వినవారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

ఇంత పని చేసే నేలను కాగితాల మీద ఏమన్నారో తెలుసా? ఉపయోగం లేని భూమి అన్నారు. ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి. మన రెవెన్యూ లెక్కలు పుట్టినది శిస్తు కోసం. శిస్తు కట్టే నేల సాగుభూమి, కట్టనిది బంజరు. పశువు మేసిన గడ్డికి, వలలో పడిన చేపకు, బావిలో ఊరిన నీటికి అడంగలులో గడి లేదు. గడి లేనిది లెక్కకు రాదు, లెక్కకు రానిది ఖాళీ కింద జమ. జమీందారీ నాడూ అంతే, ఆ తరువాతా అంతే.

జమీందారీ అన్నాను గనుక ఒక పాత సంగతి గుర్తుచేయక తప్పదు. బీలకు ఎంతో దూరంలో లేని మందస అప్పట్లో జమీందారీ. నాగలికీ బండికీ అడవి నుంచి కర్ర తెచ్చుకోవడం రైతు హక్కా, నేరమా అన్నది అక్కడి తగవు. 1940లో మార్చి నెలాఖరున పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. అది ముగిసిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, గుడారి రాజమణిపురంలో రైతులను పట్టుకుపోవచ్చిన పోలీసులకు ఊరి జనం అడ్డు నిలిచారు. కాల్పులు జరిగాయి. నేలకొరిగినవారిలో గున్నమ్మ అనే నిండు గర్భిణి ఉన్నది. ఈనాటికీ ఆమెను వీరగున్నమ్మ అనే తలచుకుంటారు. ఉమ్మడి వనరు ఎవరిదన్న ప్రశ్న ఆ నేలలో అప్పటికే ఎంత లోతుగా నాటుకున్నదో దీనివల్ల తెలుస్తుంది.

2008 సెప్టెంబరులో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం బీలలో 972 ఎకరాలకు పైగా భూమిని నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి బొగ్గు విద్యుత్ కేంద్రం నిమిత్తం కేటాయిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. కేంద్రం శక్తి 2640 మెగావాట్లు. విశాఖపట్నం పక్కన పరవాడలో 2002 నుంచి నడుస్తున్న సింహాద్రి కేంద్రం మీరు ఎరుగుదురు గదా! దాని నాలుగు యూనిట్లూ కలిపి 2000 మెగావాట్లు. అంతకంటె పెద్దదన్నమాట.

2009 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. వద్దన్నవారు ఎంతోమంది. రైతులు నీళ్ళు పోతాయన్నారు. బెస్తవారు వేడినీరు సముద్రంలోకి వదిలితే చేప దూరంగా పోతుందన్నారు. కొబ్బరి రైతులు బూడిద సంగతి ఎత్తారు. మన దేశపు బొగ్గులో మూడోవంతుకు పైగా బూడిదే ఉంటుంది గనుక ఆ భయం అకారణం కాదు. అయినా ఆ డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి ఇచ్చివేసింది. అదే నెలలో సోంపేటలో రిలే నిరాహార దీక్షలు మొదలయినాయి. రోజుకొక జట్టు వచ్చి శిబిరంలో కూర్చునేది. కోతల కాలంలోనూ, ఊడ్పుల కాలంలోనూ వంతు తప్పలేదు. కూలికి పోకపోతే పొయ్యి వెలగని ఇళ్ళవాళ్ళు కూడా తమ వంతు రోజున వచ్చి కూర్చున్నారు. ఐదేళ్ళకు పైగా సాగింది ఆ శిబిరం. నాకు తెలిసినంతలో ఇంత ఓర్పు గల ఉద్యమాలు మన రాష్ట్ర చరిత్రలో చాలా తక్కువ.

వాళ్ళు శిబిరంతోనే ఊరుకోలేదు. కాగితానికి కాగితంతోనే జవాబు చెప్పారు. ఆ రోజుల్లో 1997 నాటి చట్టం కింద జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ అనేది ఢిల్లీలో ఉండేది. అనుమతి మీద అభ్యంతరమున్నవారు గడువు లోపల అక్కడ అప్పీలు చేసుకోవచ్చు. సోంపేటవారు చేసుకున్నారు. కేంద్ర ప్రభుత్వంలో విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసి విశాఖపట్నంలో స్థిరపడిన ఇ.ఎ.ఎస్. శర్మగారు వంటి తెలిసినవారు వెనుక నిలిచారు. కరెంటు సంగతి కూలంకషంగా ఎరిగిన మనిషే ఈ చోట వద్దని అనడం వాదానికి బలమిచ్చింది. అప్పీలు సంస్థ తరఫువారు వచ్చి చోటును కళ్ళారా చూశారు. కాగితంలో బంజరు, కంటికి నీటినేల!

2010 జూలై 14. ఆ ఒక్క రోజున రెండు సంగతులు జరిగాయి. బీల దగ్గర పనులు మొదలుపెట్టడానికి కంపెనీవారు పోలీసు బలగంతో దిగారు. గ్రామాలవారు అడ్డుపడ్డారు. లాఠీలు, బాష్పవాయువు అయిన తరువాత తుపాకులు పేలాయి, మనుషుల ప్రాణాలు పోయాయి. అదే రోజున ఢిల్లీలో అప్పీలు సంస్థ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని కొట్టివేసింది. ఆ తీర్పు ఒక్కరోజు ముందుగా వచ్చి ఉంటే బీల గట్టున ఏ ఇంటికీ ఆ దుఃఖం లేకపోవును. దీనిని తలచినప్పుడల్లా నాకు కాలం మీద కాదు, తీర్పు పెండింగులో ఉండగా తొందరపడిన పెద్దల మీద కోపం వస్తుంది.

అనుమతి పోయినా భూమి ఉత్తర్వు మాత్రం ఉండిపోయింది. అందుకే శిబిరం ఎత్తలేదు. చివరకు 2015లో రాష్ట్ర ప్రభుత్వం ఆ కేటాయింపును రద్దు చేసింది.

అదే జిల్లాలో సంతబొమ్మాళి మండలంలో కాకరాపల్లి ఉన్నది. అక్కడా తంపర భూములు, అక్కడా అంతే శక్తిగల బొగ్గు కేంద్రం తలపెట్టారు. పక్కనే నౌపడ ఉప్పు మడులు; దగ్గరలోనే తేలినీలాపురం, ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్ళు కట్టే ఊరు. 2011 ఫిబ్రవరి 28న అక్కడా కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. కాకరాపల్లి కథ సోంపేట కథవలె తేటగా తెగలేదు. కట్టడం మొదలయి, ఆగి, నలిగింది. దానిని ఇక్కడ పొడిగించను.

ఇప్పుడు మళ్ళీ మన గాలి లెక్కకు వద్దాము. పెన్సిలు తీసుకోండి. 2640 మెగావాట్లంటే 26 లక్షల 40 వేల కిలోవాట్లు. ఏడాది పొడుగునా మూడువంతులు శక్తితో నడిచిందనుకుంటే 1700 కోట్ల యూనిట్ల పైచిలుకు. యూనిట్టుకు తొమ్మిది వందల గ్రాముల చొప్పున కడితే ఏడాదికి సుమారు ఒక కోటి యాభై లక్షల టన్నుల బొగ్గుపులుసు వాయువు. నిమిషానికి సుమారు ముప్పై టన్నులు! పవర్‌గూడ ఆడపడుచులు పదేళ్ళ కానుగ నూనెతో మిగల్చదలచిన 147 టన్నులు ఇక్కడ ఐదు నిమిషాల పొగ. పవర్‌గూడను చిన్నబుచ్చడానికి ఈ మాట అనడం లేదు. సోంపేటవాళ్ళు చేసిన పని ఎంతటిదో తూచడానికి అంటున్నాను.

చిత్రమేమిటంటే, ఆ శిబిరంలో ప్రధానంగా వినిపించిన మాటలు నీళ్ళు, చేపలు, పంట, పశువులు. భూగోళం వేడెక్కడం గురించి కాదు వాళ్ళు వంతులు వేసుకొని కూర్చున్నది. వాళ్ళకు ప్రపంచ బ్యాంకు డాలరు ఇవ్వలేదు, ఏ సంతలోనూ వాళ్ళ టన్నులు అమ్ముడుపోలేదు. పొగ తగ్గించినవాడికి సొమ్ము ముట్టే పద్ధతి 1997 నాటి క్యోటో ఒప్పందం వల్ల వచ్చింది. కాని ఆ పద్ధతిలో పుట్టనే పుట్టని పొగకు, ఊరు అడ్డుపడి ఆపిన పొగకు, పద్దు లేదు. అడంగలులో బీలకు గడి లేనట్లే ఇక్కడా గడి లేదు.

ఒక రైతు లేచి ఇట్లా అడగవచ్చు: “అయ్యా, బాగానే ఉంది. అక్కడ కట్టకపోతే ఇంకొకచోట కడతారు. బొగ్గు ఎక్కడ మండినా గాలి ఒకటే గదా! మరి మా మోటారుకు కరెంటో?” ఇది న్యాయమైన ప్రశ్న. జవాబు దాటవేయను. ఒక కేంద్రం ఆగినంత మాత్రాన దేశంలో బొగ్గు వాడకం ఆగలేదు. సింహాద్రిలోనే 2012 నాటికి నాలుగవ యూనిట్టు కూడా వచ్చింది. కాని బొగ్గు కేంద్రమంటే ముప్పై, నలభై ఏళ్ళ కాపురం. ఒకసారి కట్టిన తరువాత అప్పు తీరేదాకా నడపవలసినదే. ఆ కాపురం పెట్టకుండా కొన్నేళ్ళు ఆగితే ఏమయిందో చూడండి. సూర్యరశ్మితో కరెంటు తీసే పలకల ధర ఆ పదేళ్ళలో పడిపోయింది. 2017లో కర్నూలు జిల్లాలో 1000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు నడకకు వచ్చింది. 2021లో సింహాద్రి కేంద్రమే తన జలాశయం నీటి మీద 25 మెగావాట్ల సౌర పలకలు తేలవేసింది. సూర్యుడు రాత్రి ఉండడు, నిజమే. కాని మన వరిమడికి, కొబ్బరి తోటకు తడి పగలు పెట్టుకోవచ్చును గదా.

మన భోగాపురం సంగతి కూడా ఒకటి రెండు మాటలు. 2023 మే 3న ఇక్కడ అంతర్జాతీయ విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. విమానం ఇంధనం తాగుతుంది, పొగ వదులుతుంది. అది రాకూడదని నేననను. దానికి బదులుగా మన సరుగుడు తోటలు ఉన్నాయి గదా, అవి వాయువును పీల్చుకుంటాయి గదా అని కొందరు తృప్తిపడుతున్నారు. సరుగుడు మంచి చెట్టు. ఇసుకను కదలనీయదు, వేరుబుడిపెలతో గాలిలోని నత్రజనిని నేలకిస్తుంది. టన్ను ఎండుకర్రలో సగం కర్బనమే. కాని నాలుగైదేళ్ళకు నరికి పొయ్యిలో పెడితే పీల్చినదంతా మళ్ళీ గాలికే పోతుంది. నరికినచోట వెంటనే నాటితే లెక్క సమం, నాటకపోతే నష్టం. కొబ్బరి, జీడిమామిడి, మామిడి పెద్దకాలం నిలిచే చెట్లు గనుక ఈ లెక్కలో వాటికి ఎక్కువ విలువ ఉన్నది. ఇక తీరం వెంబడి పల్లపు గుంటలు, తంపరలు ఉన్నచోట వాటిని మట్టితో కప్పనీయకండి. కుళ్ళిన ఆకు, వేరు తరతరాలుగా ఆ బురదలో నిలవ ఉంటాయి. ఆ నేలల నుంచి కొంత చిత్తడి వాయువు, అంటే మీథేను, వచ్చే మాట నిజమే. తవ్వి ఆరబెడితే మాత్రం నిలవ ఉన్న కర్బనము గాలికి పోతుంది, బావుల్లో ఉప్పు దిగుతుంది.

సోంపేటవారి అనుభవం నుంచి పనికివచ్చే సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. 2006 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం ఇటువంటి పెద్ద పరిశ్రమలకు చాలావాటికి ముందుగా ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం ముప్పై రోజుల ముందు పత్రికలలో నోటీసు వేయాలి. వాటిలో ఒకటి స్థానిక భాషా పత్రిక అయి ఉండాలి. నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి, కలెక్టరు కచేరీలోనూ జిల్లా పరిషత్తులోనూ చూడటానికి పెట్టాలి. నేల వివరాలున్న పుట ముందు చూడండి. మీ ఊరి చెరువును గానీ మేత పోరంబోకును గానీ అక్కడ ఏమని రాశారో అక్కడే బయటపడుతుంది. పాత అప్పీలు సంస్థ ఇప్పుడు లేదు. 2010 అక్టోబరు నుంచి దాని స్థానంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉన్నది. అనుమతి వచ్చిన తరువాత ముప్పై రోజులలో అక్కడ అప్పీలు పెట్టాలి. తగిన కారణం చూపితే మరో అరవై రోజుల వరకు వింటారు. అభిప్రాయ సేకరణ నాడు మీరు అన్న మాటలన్నీ రాసి, సభ ముగిసేముందు తెలుగులో చదివి వినిపించి, ఆ తరువాతనే అధ్యక్షులు సంతకం చేయాలి. అందుచేత మీ మాట చెప్పి బస్సు వేళయిందని వెళ్ళిపోకండి. ఆ చదవడం పూర్తయ్యేదాకా కూర్చోండి. మీరన్నది అందులో లేకపోతే అక్కడే లేచి అడిగి, రాయించండి.